అబలత్వ ధ్రువీకరణ

ఎర్రకొండ విశ్వవిద్యాలయం బలహీనమైనదన్న సంగతి అక్కడ చదువుకునేవాళ్ళకూ, చదువు చెప్పేవాళ్ళకూ ఎప్పటినుంచో తెలుసు. ప్రభుత్వం ముద్ర వేసి మరీ ఆ మాట చెప్పడం మాత్రం అదే మొదలు. ఉత్తర్వు అందిన రోజున ఉపకులపతి ఆచార్య చిదానందం గారు సిబ్బందినంతా సమావేశ మందిరానికి పిలిపించి, అందరికీ మైసూర్‌పాకు పంచి, దాన్ని తానే నిలబడి చదివారు.

పథకం పేరు సబల-అబల పరిశోధనా బంధం. బలమున్న విశ్వవిద్యాలయాన్ని ఒకదాన్నీ, బలం లేనిదాన్ని ఒకదాన్నీ జంట చేసి, మొదటిదానికి సబల అనీ రెండోదానికి అబల అనీ పేరు పెట్టారు. సబల తన పరిశోధనా పాటవాన్ని అబలకు ధారపోయాలి. అబల వినమ్రంగా స్వీకరించాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి ఇద్దరికీ ఊత నిధులు వస్తాయి. పేరు విని ఎక్కడో ఒక మహిళా సంఘం అభ్యంతరం చెబితే, "ఇందలి అబల శబ్దమును లింగభేద రహితముగా గ్రహించవలెను" అని ప్రభుత్వం ఒక సవరణ కూడా జారీ చేసింది.

ఉత్తర్వు చివర్లో ఒక చిన్న నిబంధన ఉంది. అబల సంస్థ ఏటా తన అబలత్వాన్ని నిపుణుల సంఘం ఎదుట నిరూపించుకుని ధ్రువీకరణ పొందాలి. నిరూపించుకోలేకపోతే ఊత ఆగిపోతుంది. చిదానందం గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, మన విశ్వవిద్యాలయానికి ఈ విషయంలో ఎదురులేదని నమ్మకంగా చెప్పారు. చప్పట్లు మోగాయి.

వెనక వరసలో కూర్చున్న వన్నూరమ్మ కూడా చప్పట్లు కొట్టింది. ఆమె వృక్షశాస్త్ర విభాగంలో సహాయాచార్యురాలు. విభాగంలో మిగతా ఉద్యోగాలన్నీ ఖాళీగా ఉండడంవల్ల విభాగాధిపతి కూడా ఆమే. చేరినప్పటినుంచీ వేరుశెనగకు, అంటే ఆ సీమవాళ్ళ శెనక్కాయకు, పట్టే తిక్క తెగులు మీద పనిచేస్తోంది. ఆకుల మీద నల్లటి మచ్చలు లేచి, కాయ నిండే వేళకు ఆకంతా రాలిపోయే రోగమది. దానివల్ల చుట్టుపక్కల ఊళ్ళు మూడేళ్ళుగా పంట చూడలేదు. మనుషులు బెంగుళూరు కట్టడాల పనికి పోయారు. తెగులు బీజాలు గాలిలో ఎప్పుడు లేస్తాయో, ఎంత దూరం పోతాయో తెలిస్తే అడ్డుకునే మార్గం దొరుకుతుందని ఆమె నమ్మకం. అది తెలియాలంటే మంచి సూక్ష్మదర్శిని కావాలి. ఎర్రకొండలో ఉన్నదానికి అద్దం పగిలి చాలాకాలమైంది. అందులోంచి చూస్తే అన్ని ఆకులకూ తెగులున్నట్టే కనబడేది.

అందుకే ఊత నిధుల మాట వినగానే ఆమె సూక్ష్మదర్శిని కోసం అర్జీ పెట్టింది. అర్జీ రాజధానికి వెళ్ళి ఏడాదికి పైగా నిద్రపోయింది. ఎర్రకొండకు జంటగా కుదిరిన సబల అక్కడి మహాజ్ఞాన విశ్వవిద్యాలయం. భాగస్వామ్య సంచాలకులు ఆచార్య కౌస్తుభరావు గారు అర్జీని పరిశీలించి, అబలకు పరికరం ఇవ్వడం తొందరపాటవుతుందనీ, ముందుగా పరికరం పట్ల సంస్కారం అలవడాలనీ తీర్మానించి, ఆమెను వారం రోజుల శిక్షణకు పిలిచారు.

వన్నూరమ్మ తెగులు సోకిన ఆకులు కొన్ని కోసి, తడిగుడ్డలో చుట్టి, అన్నం క్యారేజీలో పెట్టుకుని రాజధానికి బస్సెక్కింది.

శిక్షణలో ఆమెకు సూక్ష్మదర్శిని తాత్త్విక నేపథ్యం గురించి చెప్పారు. సూక్ష్మదర్శిని ముందు ఎలా కూర్చోవాలో చెప్పారు. సూక్ష్మదర్శిని ఫొటో చూపించి భాగాలు గుర్తించమన్నారు. అసలుది ఎప్పుడు చూపిస్తారని ఆమె అడిగితే, కౌస్తుభరావు గారు దయగా నవ్వి, "చూచుట వేరు, దర్శించుట వేరు. మీరింకను చూచు దశయందే యున్నారు," అన్నారు. ఆయన మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా అలాగే మాట్లాడతారని తర్వాత తెలిసింది.

అసలుది మూడో అంతస్తులో అద్దాల గదిలో ఉంది. జర్మనీ నుంచి తెప్పించారు. దాన్ని ముట్టుకునే హక్కు ఆచార్య హోదా ఉన్నవాళ్ళకే. ఆ హోదా వచ్చినవాళ్ళకు సమావేశాలతోనే సరిపోతుంది కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాని బాగోగులు చూడ్డానికి ఆదిశేషు అనే డాక్టరేటు పట్టా ఉన్న మనిషిని నియమించారు. విజయనగరం వైపు మనిషి. పరికరం పనిచేసే స్థితిలో ఉంచడమే తప్ప పనిచేయించకూడదని అతని నియామక పత్రంలో ఉందట. రోజూ పొద్దున తుడిచి, సాయంత్రం తుడుస్తాడు.

భోజనాల వేళ అందరూ కిందికి దిగాక వన్నూరమ్మ ఆ గది ముందు నిలబడి క్యారేజీ తెరిచింది. అందులో కూరకు బదులు తెగులు పట్టిన ఆకులు చూసి ఆదిశేషు చేతిలో ఉన్న తుడుపుగుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత తాళం తీశాడు.

"రండమ్మా," అన్నాడు. "నానూ దీంట్లోంచి ఏదో ఒకటి చూసి నాలుగేళ్ళైపోయింది."

ఆ మధ్యాహ్నం ఆమె మొదటిసారి ఆ బీజాల్ని చూసింది. సన్నగా, పొడుగ్గా, ఏ గాలి వస్తే ఆ గాలికి ఎక్కి కూర్చోడానికి తయారుగా ఉన్నాయి. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగి బొమ్మ మసకబారింది. పరికరంలో తేమ చేరిందేమోనని ఆదిశేషు కంగారుపడ్డాడు. మిగిలిన రోజులన్నీ ఇద్దరూ భోజనం మానేశారు.

తిరిగొచ్చాక ఆమె తాను చూసినదాన్ని నాలుగు పేజీల వ్యాసంగా రాసి, ఆదిశేషు పేరు కూడా చేర్చి, ఒక పత్రికకు పంపింది. వాళ్ళు వేసుకున్నారు. అదీ ఆమె చేసిన పొరపాటు.

చిదానందం గారు ఆమెను గదిలోకి పిలిపించినప్పుడు ఆయన ముఖంలో రక్తం లేదు. బల్ల మీద ఆ పత్రిక ఉంది. ఆయన దాన్ని వేలితో కూడా తాకకుండా, పెన్ను మూతతో ఆమె వైపు జరిపారు.

"మీరు చేసినది మంచి పనే కావచ్చు. కానీ సమయం సందర్భం ఉండాలి గదా. వచ్చే నెలలో నిపుణుల సంఘం వస్తుంది. పోయినేడు మన అబలత్వానికి నూటికి తొంభై ఎనిమిది వేశారు. ఆ రెండు మార్కులు కూడా తోటలో గులాబీలు బాగున్నాయని తగ్గించారు. గులాబీలు పీకించేశాను. ఇప్పుడు మీరిది తెచ్చిపెట్టారు."

ఇది తెగులు గురించి సార్ అని ఆమె చెప్పబోయింది. తెగులు ఏదైనా బలం బయటపడిపోయింది గదా అని ఆయన బాధపడ్డారు. ఊత ఆగిపోతే కొత్త అతిథి గృహం పునాదుల్లోనే ఆగిపోతుందని చెప్పారు. చివరికి, ఆ వ్యాసం విశ్వవిద్యాలయపు అనుమతి, సహకారం, వసతులు ఏవీ లేకుండా కేవలం యాదృచ్ఛికంగా జరిగిన సంఘటన అని ఆమె చేత సంజాయిషీ రాయించుకున్నారు. రాస్తున్నప్పుడు వన్నూరమ్మకు కోపం వచ్చిన మాట నిజమేగానీ, ఆ సంజాయిషీలో ఒక్క అబద్ధం కూడా లేదన్న సంగతి తట్టేసరికి ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక ఇంటికి పోయింది.

నిపుణుల సంఘం వచ్చింది. పగిలిన సూక్ష్మదర్శినిని ముందు వరసలో ప్రదర్శించారు. గ్రంథాలయంలో కొత్త పుస్తకాలన్నీ అటకెక్కించి చెదలు పట్టినవి దింపారు. కాస్త బాగా మాట్లాడే పిల్లలకు ఆ రెండు రోజులూ సెలవిచ్చారు. సంఘం సంతృప్తిపడి, వ్యాసం విషయాన్ని ఒకసారికి మన్నించి, ధ్రువీకరణ పత్రం ఇచ్చి వెళ్ళింది.

కథ ఇక్కడితో ఆగిపోయేదే. ఆ ఏడు ప్రభుత్వం ఇంకో ఆలోచన చేసింది. సబలకు బలం ఉండనే ఉంది, ఊత ఎందుకని ఎవరో ఆర్థిక శాఖలో అడిగారట. వెంటనే సబల సంస్థలకు నిధులు ఆపేసి, ఆ మొత్తం కూడా అబలలకే కలిపారు.

మహాజ్ఞాన విశ్వవిద్యాలయంలో ఏం జరుగుతోందో ఆదిశేషు ఫోనులో చెబుతుంటే వన్నూరమ్మకు మొదట నమ్మకం కలగలేదు. ఉత్తర్వు వచ్చిన మూడో రోజున పాలక మండలి సమావేశమై, తాము అబల కావడానికి ఏకగ్రీవంగా నిశ్చయించుకుని దరఖాస్తు పెట్టిందట. కౌస్తుభరావు గారు దీన్నొక సవాలుగా తీసుకున్నారు. "సబలత్వము యాదృచ్ఛికము, అబలత్వము సాధ్యము," అని నినాదం రాయించి ముఖద్వారం మీద కట్టించారు. బలహీనతా అధ్యయన కేంద్రం పెట్టి, పదకొండు మంది ఆచార్యుల్ని అందులో వేసి, ప్రపంచంలోని బలహీనమైన విశ్వవిద్యాలయాలన్నింటి లక్షణాల్నీ క్రోడీకరించారు. గోడలకు పగుళ్ళు గీయడానికి లలితకళల విభాగాన్ని పిలిచారు. పైకప్పు ఎక్కడ కారితే మంచిదో ఇంజనీరింగు విభాగం లెక్కకట్టింది.

ముందస్తుగా వచ్చిన పరిశీలకులు అంతా చూసి ఒకే ఒక్క ఆక్షేపణ తెలిపారు. బలహీనతపై వీరు చేసిన పరిశోధన మరీ బలంగా ఉంది. దాన్ని వెంటనే ఆపాలి. అలాగే భవనంలో ఉన్న విలువైన పరికరాలు దరఖాస్తు స్ఫూర్తికి విరుద్ధంగా ఉన్నాయి.

పరికరాల్ని అమ్మాలంటే ఆడిట్ ఒప్పుకోదు. పారేయాలంటే అంతకన్నా ఒప్పుకోదు. కౌస్తుభరావు గారు రాత్రింబవళ్ళు ఆలోచించి, అన్నింటినీ జంట విశ్వవిద్యాలయానికి ధారపోయడమే ధర్మమని తేల్చారు. ఏళ్ళ తరబడి ఇవ్వమన్నా ఇవ్వనివి ఒక్క పొద్దులో లారీలకెక్కాయి. జర్మనీ సూక్ష్మదర్శినిని ఎక్కిస్తుంటే చూడలేక ఆదిశేషు కూడా దానితో పాటు లారీ ఎక్కేశాడు.

ఈ కబురు విని వన్నూరమ్మ ఎగిరి గంతేసినంత పనిచేసింది. విభాగంలో గది కడిగించింది, బల్ల వేయించింది. ఆ సంగతి చిదానందం గారికి తెలిసింది. ఆయన గుండె పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయారు. మరుసటి ఏటి నిపుణుల సంఘం ఎల్లుండే వస్తోంది. ఆ సమయంలో నాలుగు లారీల బలం వచ్చి ముంగిట్లో దిగితే ఇన్నేళ్ళ కృషి ఏమైపోవాలి. కాపలావాళ్ళను పిలిచి గేటుకు తాళం వేయించి, ఏ పరికరమూ లోపలికి రావడానికి వీల్లేదని కట్టడి చేశారు.

లారీలు వచ్చాయి. గేటు ముందు ఒక పగలంతా నిలబడ్డాయి. చిదానందం గారు లోపలినుంచి కౌస్తుభరావు గారికి ఫోను చేసి, తమవంటి అబలను ఈ విధంగా బలవంతం చేయడం భావ్యం కాదన్నారు. తాము కూడా ఇప్పుడు అబలయేనని, ఒక అబల మరొక అబలకు బరువు కాకూడదని ఆయన జవాబిచ్చారు. లారీల్ని వెనక్కి పంపితే తమ గేటు కూడా తెరవబోమని మర్యాదగానే చెప్పారు. సాయంత్రానికి డ్రైవర్లకు విసుగొచ్చింది. ఎక్కడో ఒకచోట దించేసి పోతామని ఆదిశేషుతో తెగేసి చెప్పారు. అతను గేటు కమ్మీల మధ్యనుంచి వన్నూరమ్మ వైపు చూశాడు.

ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. బ్యాగు తగిలించుకుని, గేటు పక్కన మనుషులు దూరే సందులోంచి బయటికొచ్చి ముందు లారీ ఎక్కింది. జంగాలకుంటకు పోనీయమంది.

జంగాలకుంటలో ఖాజాసాబుకు శెనక్కాయల మిల్లు ఉంది. దాని వెనక పెద్ద గోదాము. పంటల్లేక మిల్లు ఆడడంలేదు, గోదాములో పావురాలు కాపురముంటున్నాయి. ఆమె తెగులు ఆకులు కోసుకునేది ఎక్కువగా ఆయన చేలోనే కాబట్టి ఇద్దరికీ ఏళ్ళ పరిచయం. లారీల వరస చూసి ఖాజాసాబు ముందు శెనక్కాయలేమోనని ఆశపడ్డాడు. సంగతి విన్నాక గడ్డం నిమురుకున్నాడు.

"ఇంత సామాను ఉండాది. ఇదేమో ఆళ్ళకొద్దు, మీకొద్దు. దొంగసొమ్మా ఏమన్నానా టీచరమ్మా?"

"దొంగసొమ్మయితే ఎవురన్నా అడుగుతారు సాబూ. దీన్ని అడిగేవాళ్ళే లేరు."

"మరి యాల తెస్తిరి ఈడికి?"

"తిక్క తెగులు సంగతి తేలుద్దామని."

ఖాజాసాబు లోపలికెళ్ళి గోదాము తాళంచెవి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. బాడుగ మాట ఎత్తితే, పంట పండిననాడు చూద్దాంలే అన్నాడు.

పావురాల్ని తోలి, గోడలకు సున్నం కొట్టి, సూక్ష్మదర్శినిని కాటా తూచే దిమ్మె మీద నిలబెట్టారు. ఊళ్ళో అంతకన్నా కదలని చోటు లేదు. వన్నూరమ్మ వారంలో సగం రోజులు ఎర్రకొండలో పాఠాలు చెప్పి, మిగతా సగం ఇక్కడ ఉండేది. ఆదిశేషును ఎవరూ వెనక్కి పిలవలేదు. పరికరం ఎక్కడుంటే అతనక్కడుండాలని నియామక పత్రంలో ఉంది, కాబట్టి జీతం కూడా ఆగలేదు. అతను అక్కడ సంగటి తినడం నేర్చుకున్నాడు. ఊరివాళ్ళు అతని యాసకు నవ్వడం మానేశారు.

మెల్లగా మనుషులు రావడం మొదలుపెట్టారు. మహాజ్ఞానలో తన యంత్రం తనకు కనబడక తిరుగుతున్న ఒక రసాయనశాస్త్ర పరిశోధకురాలు వెతుక్కుంటూ వచ్చి, దాన్ని గోనెసంచుల మీద చూసి అక్కడే కూర్చుని పనిచేసుకుంది. ఎర్రకొండ నుంచి ఇద్దరు విద్యార్థులొచ్చారు. బలహీనతా అధ్యయన కేంద్రం మూతపడ్డాక పని లేకుండా పోయిన ఒక ఆచార్యుడు సిగ్గుపడుతూ వచ్చి, తనకు గాలివాటం లెక్కలు వచ్చని చెప్పాడు. సబలవాళ్ళెవరో అబలవాళ్ళెవరో అక్కడ ఎవరికీ గుర్తులేదు. ఒకరికి తెలియనిది ఇంకొకరిని అడిగేవాళ్ళు. ఒప్పందాల మీద సంతకాలు పెట్టడానికి ఎవరికీ అధికారం లేదు, అందుకని పెట్టలేదు.

రెండు వానాకాలాలు అలా నడిచాయి. తెగులు బీజాలు వాన వెలిసిన మర్నాడు ఎండ పొడవగానే లేస్తున్నాయనీ, పడమటి గాలితో చేను మీద చేను దాటుతున్నాయనీ తేలింది. శెనక్కాయ సాళ్ళ మధ్య గాలికి అడ్డంగా సజ్జ సాళ్ళు ఒత్తుగా వేస్తే అవి బీజాల్ని సగానికి పైగా ఆపేస్తున్నాయి. మిగిలినదానికి సరైన రోజున ఒక్కసారి మందు కొడితే చాలు. ఇంతే. ఖాజాసాబు తన చేలో మొదట వేశాడు. ఆకు రాలలేదు. అది చూసి పక్క చేలవాళ్ళు వచ్చి, ఎట్ల వేస్తివి, ఎంత ఎడం పెడితివి అని అడిగి వెళ్ళారు. మరుసటి ఏడు జంగాలకుంట చుట్టూ అందరూ సజ్జ సాళ్ళు పెట్టారు. బెంగుళూరు పోయినవాళ్ళు కొందరు విత్తనాల వేళకే తిరిగొచ్చారు.

ఈలోగా పైన పథకం ఘనవిజయం సాధించింది. ఎర్రకొండ అబలత్వం ఎప్పటిలాగే నిరూపితమైంది. మహాజ్ఞాన కూడా పరికరాల్లేవు, పైకప్పు కారుతోంది, పనిచేసేవాళ్ళు ఎక్కడికి పోయారో తెలియదు కాబట్టి తిరుగులేని మార్కులతో అబల అయింది. వాళ్ళను చూసి తక్కినవీ దరఖాస్తులు పెట్టాయి. కొన్నాళ్ళకు రాష్ట్రంలో విశ్వవిద్యాలయాలన్నీ అబలలే. పత్రాల పంపిణీ సభలో మంత్రిగారు, ఇంత తక్కువ వ్యవధిలో ఇంతటి అబలత్వాన్ని సాధించిన రాష్ట్రం మరొకటి లేదని గర్వంగా ప్రకటించారు.

తర్వాత లెక్కలు చూసే అధికారికి ఒక అనుమానం వచ్చింది. పథకం జంటల పథకం గదా, అబలలన్నింటికీ జంటగా సబల ఏదీ అని. సబల లేనిదే ఊత ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. ఎవరైనా ఒకరు సబలగా ఉండమని ఉత్తర్వు పంపితే, తామింత తీవ్ర అపరాధానికి ఎన్నడూ పాల్పడలేదని అన్ని విశ్వవిద్యాలయాలూ జవాబు రాశాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక కలెక్టరు గారి ప్రజాదర్బారులో జంగాలకుంట రైతు ఒకాయన లేచి, గోదాము యూనివర్సిటీవాళ్ళు తిక్క తెగులు కుదిర్చినారు, ఆళ్ళకు కరెంటు సరిగ్గా ఇప్పించండని అడిగాడు. కలెక్టరు గారు పైకి రాశారు. పైవాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. విచారించగా, ఉపకులపతి, అతిథి గృహం, సంఘాలు ఏవీ లేకుండా ఫలితం చూపించిన సంస్థ రాష్ట్రంలో అదొక్కటే. జంగాలకుంట గోదామును తాత్కాలికంగా సబల సంస్థగా ప్రకటించి, రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలన్నింటినీ దానికి జంటగా అప్పగించారు. నిపుణుల సంఘం వచ్చి చూసి ధ్రువీకరించడమే తరువాయి.

వన్నూరమ్మకు ఈ కబురు చెప్పింది చిదానందం గారే. ఈసారి ఆయన లేచి ఎదురొచ్చి కూర్చోబెట్టారు. మొదటినుంచీ తాను ఆమె ప్రతిభను గుర్తించాననీ, ఆనాడు గేటు మూయించడం కూడా ఆమె స్వతంత్రంగా ఎదగాలనేననీ చెప్పారు. అంతలో రాజధాని నుంచి కౌస్తుభరావు గారు ఫోనులో అందుకుని, "మా అబలకు మీ సబల హస్తమునందించుడు," అని గద్గదస్వరంతో కోరారు. ఆమె ఇద్దరికీ సరేనంది. బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాక మాత్రం ఆ మాట వెనక్కి తీసుకుందామా అనుకుంది. ఇన్నాళ్ళూ గోదాము ఎవరి కంటా పడలేదు. అదే దానికున్న బలమని ఆమెకు బాగా తెలుసు.

సంఘం వచ్చే రోజు ఖాయమైంది. పంట నూర్పిళ్ళ కాలం. ఆ ముందు వారంలోనే ఖాజాసాబు ఆమె దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒగ మాట అడగల్ల టీచరమ్మా. మీరు కాదనకూడదు."

"చెప్పు సాబూ."

"గోదాము కావల్ల. శెనక్కాయలు దిగుతాండాయి. ఇన్నేండ్లకు పండినాయి, యాడ పోసుకోవల్లో తెలీకుండా ఉండాది. బయట పోస్తే వాన పడితే పోతాయి." ఆయన తల వంచుకున్నాడు. "మిమ్మల్ని పొమ్మనేకి నోరు రాలేదమ్మా. మీరు చేసిన పంటే ఇది."

వన్నూరమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రమే అందరూ కలిసి యంత్రాల్ని మోసుకెళ్ళి ఒకటొకటిగా ఊళ్ళో ఖాళీ వసారాల్లో పెట్టారు. సూక్ష్మదర్శినిని మిల్లు గుమాస్తా గదిలో బల్ల మీద పెట్టి, దుమ్ము పడకుండా ఆదిశేషు తన దుప్పటి కప్పాడు. గోదాము అటకదాకా శెనక్కాయల బస్తాలతో నిండిపోయింది. మిగిలినవి గుమ్మం ముందు మనిషెత్తున రాశిపోశారు.

సంఘం మూడు కార్లలో వచ్చింది. అధ్యక్షులు రిటైరైన ఆచార్యులు. ఆయనకు చెరో పక్కన చిదానందం గారూ కౌస్తుభరావు గారూ దిగారు. అధ్యక్షులు గోదాము తలుపు తీయించి లోపలికి తొంగిచూశారు. బస్తాలు తప్ప ఏమీ కనబడలేదు. ఇది గోదాములా ఉందే అన్నారు. అవునన్నాడు ఖాజాసాబు. పరిశోధన ఎక్కడ జరిగిందని ఆయన వన్నూరమ్మను అడిగారు.

"ఇక్కడే సార్."

"ఫలితాలు ఎక్కడున్నాయి?"

ఆమె రాశివైపు చూపించి, ఇవే సార్ అంది. అధ్యక్షులు ఆమెను ఎగాదిగా చూశారు. ఆచార్యులిద్దరూ ఆకాశం వైపు చూశారు. ఎండ ఎక్కువగా ఉండడంతో అందరినీ గుమాస్తా గదిలో కూర్చోబెట్టారు. అధ్యక్షులు దుప్పటి కప్పిన వస్తువు మీద టీ గ్లాసు పెట్టబోతే ఆదిశేషు చేత్తో అందుకుని పట్టుకున్నాడు. ఆయన టీ తాగినంతసేపూ గుక్కకూ గుక్కకూ మధ్య గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఖాజాసాబు వేయించిన శెనక్కాయలు పళ్ళెంలో తెచ్చిపెట్టాడు. అధ్యక్షులు ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని, ఇంకొకటి ఒలిచారు. కాయ నిండుగా ఉంది, నూనె ఊరుతోంది, ఇంత మంచి కాయ ఈ మధ్య ఎక్కడా తినలేదని నిజాయితీగా మెచ్చుకున్నారు. మూడు కార్లలోనూ ఒక్కో బస్తా వేయించుకున్నారు.

వారం తిరిగేసరికి నివేదిక నకలు ఒకటి వన్నూరమ్మకు అందింది. జంగాలకుంటలో సబల లక్షణాలేవీ లేవని సంఘం ఏకాభిప్రాయానికి వచ్చింది. అక్కడ గోడకు తగిలించిన ఒప్పందం గానీ, శిలాఫలకం గానీ, సంచాలకుని కుర్చీ గానీ సంఘానికి కనబడలేదు. "సదరు స్థలమున పరిశోధన ఆనవాళ్ళేమియు కానరాలేదు. శెనక్కాయలు మాత్రము పుష్కలముగా నున్నవి."